గాడిపొయ్యికి చోటు చూసినాయన

దూదేకుల సాయిబు పోయాడని మొన్న పాతబట్టలకు గిన్నెలిచ్చే ఆమె చెప్పింది. గంప దించి, అరచేతిలో పట్టే గిన్నె ఒకటి చూపించి, దానికి రెండు మంచి చీరలడిగి, నేను ఇవ్వనన్నాక చెప్పింది ఆ మాట. బేరం తెగనప్పుడు చావు కబురు ఎత్తేవాళ్ళను నేను ఒక పట్టాన నమ్మను. మనసు మెత్తబడితే చీర జారుతుందని వాళ్ళ ఆశ.

"నువ్వు చూసినావా?" అని అడిగాను.

"నేనెట్టా చూస్తానమ్మా? బిట్రగుంటలో కూతురి దగ్గరే గదా ఆయనుండింది, ఆ వీధిలో పోతా ఉంటే అనుకుంటా ఉండారు."

"ఎవరు?"

"అందరూ."

అందరూ అంటే ఎవరూ కాదని నేను చాలాకాలం కిందటే నేర్చుకున్నాను. గిన్నె తీసుకోకుండానే పంపించాను. ఆమె వీధి మలుపు తిరిగిందాకా చూసి, పెరట్లోకి పోయి తూర్పు దడి అవతలికి తొంగి చూశాను. సాయిబు ఇల్లు ఉన్నచోట ఎవరిదో దున్నపోతు కట్టేసి ఉంది. అది కూడా నన్ను అనుమానంగానే చూసింది.

ఈ కబురు ఆయనకే ఎవరైనా చెప్పి ఉంటే అంత తేలిగ్గా ఒప్పుకునేవాడు కాదు. ఎవరు చెప్పినారు, దేనికి చెప్పినారు, చెప్పినందువల్ల వాళ్ళకేం వస్తది అని అడిగి, ఇంకో నలుగుర్ని విచారించి, అప్పటికీ తల ఆడించకుండా లేచిపోయేవాడు.

ఆయనకు పేరుంది గాని ఎవరూ పిలవలేదు. ఊరంతా సాయిబు అనేది, నేనూ అంతే. ఆయన నన్ను అక్కా అనేవాడు, నాకంటే పెద్దవాడై ఉండి కూడా. ఇందులో ఏం మతలబుందా అని కొత్తలో ఆలోచించాను. వయసు తగ్గించుకోవడానికని తర్వాత అర్థమైంది. దూరం నుంచి చూస్తే నిజంగానే ముసలివాడిలా ఉండేవాడు. కనుబొమల మీద దూది, రెప్పల మీద దూది, మీసంలో దూది, చెవుల్లో దూది. ముఖం కడుక్కుని వస్తే వేరే మనిషి వచ్చాడనుకుని మా కుక్క మొరిగేది.

ఏది అడిగినా తిన్నగా జవాబు చెప్పడు. "అన్నం తిన్నావా సాయిబూ?" అంటే, "ఎందుకక్కా?" అనేవాడు. "ఎండ మండిపోతా ఉంది" అంటే, "ఎవరన్నారు?" అనేవాడు. ఆయన భార్య పాపం మంచిది. "ఈయనతో కాపరం చేసేదానికి ముందు సాక్షుల్ని పెట్టుకోవాలమ్మా" అని నాతో నవ్వుతూ అన్నది ఒకసారి.

నిప్పు అనే మాట మాత్రం ఆయన నోట ఎన్నడూ వినలేదు. 'ఎర్రది' అనేవాడు. ఎవరింటికి దూది ఏకడానికి పోయినా గడపలోనే ఆగి, ముక్కు పైకెత్తి, "ఎర్రది యాడుంది?" అని అడిగి, అది ఉన్న దిక్కుకు ఎదురుగా కూర్చునేవాడు. పొయ్యికి వీపు పెట్టి కూర్చోవడం నేను చూడలేదు. బీడీ కాలుస్తూ ఎవరైనా మాట్లాడవస్తే, మాట వింటూనే ఇంతింత జరిగి గాలి వచ్చే వైపు చేరేవాడు. ఆయనతో మాట పూర్తయ్యేసరికి ఆ బీడీ మనిషి తన చుట్టూ తాను ఒక ప్రదక్షిణం చేసేవాడు.

ఆ భయానికి కారణం ఉంది. ఆయనది తాటాకు ఇల్లు. లోపల తాటిబద్దల అటక. దాని నిండా దూది. అది ఆయన సొంతం కాదు, ఊళ్ళో వాళ్ళు పరుపులకీ తలగడలకీ ఇచ్చిన దూది. రవ్వ పడిందంటే ఆయన ఇల్లు ఒకటే కాదు, ఊరి పరుపులన్నీ పోతాయి, వాటితోపాటు ఆయన మాట కూడా పోతుంది. దూదేకులవాడికి మాట పోతే దూది ఏకే విల్లు ఉండి కూడా ప్రయోజనం లేదు.

ఆయన నలుగుర్నీ నమ్మినంతే నేనూ ఆయన్ని నమ్మాను, అంటే నమ్మలేదు. దూది తూచి ఇచ్చేదాన్ని, ఏకిన తర్వాత తూచి తీసుకునేదాన్ని. ఏకితే చెత్త రాలి తరుగు వస్తుంది. ఎంత తరుగు న్యాయమో ఇచ్చినవాళ్ళకు తెలియదు. దొంగబుద్ధి ఉంటే ఆ పనిలో ఉన్న సుఖమంతా అదే. అందుకని ఆయన మా వసారాలో విల్లు వేలాడదీసి టుంయ్ టుంయ్ మని నరం మీటుతుంటే, నేను ఎదురుగా చింతపండు గింజలు తీస్తూ కూర్చునేదాన్ని. కిందపడిన చెత్తను కూడా తూచేదాన్ని. పని అయ్యాక ఆయన లేచి, భుజం మీది తువ్వాలు నా ముందు దులిపేవాడు.

"చూసుకోండక్కా."

"చొక్కా ఉంది గదా ఇంకా."

చొక్కా కూడా దులిపేవాడు. "నోరు కూడా తెరవమంటారా?"

"దూది నమిలే మనిషివైతే తెరవమనేదాన్నే."

కోపం తెచ్చుకునేవాడు కాదు. పోతూ పోతూ మా వంటింటి వైపు మెడ చాచి, "ఎర్రది ఆర్పినారా?" అని అడిగేవాడు. ఆర్పానంటే నమ్మకుండా పోయి చూసి వచ్చేవాడు. మా లెక్క మాకు సరిపోయేది.

మా రెండో అమ్మాయి పెళ్ళి వైశాఖంలో కుదిరింది. అప్పటికి మాది కూడా తాటాకు ఇల్లే. పెళ్ళి వంటంటే ఇంట్లో పొయ్యి చాలదు. పెరట్లో గాడిపొయ్యి తవ్వాలి. నేలలో కాలవలాగా పొడుగ్గా గాడి తీసి, లోపల కట్టెలు పేర్చి, పైన వరసగా గుండిగలు ఎక్కిస్తారు. వేకువన వెలిగిస్తే ఆఖరి బంతి లేచేదాకా మండుతూనే ఉంటుంది. ఎండాకాలం, తాటాకు కప్పులు, మీదినుంచి పచ్చాకు పందిరి. చోటు తప్పితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పక్క ఊళ్ళో అంతకు ముందు ఏడు ఒక పెళ్ళిలో ఇట్లాగే ఇల్లు కాలిపోయింది. పెళ్ళికూతురు బయటపడింది గాని, పుట్టిల్లు అనేది మిగల్లేదు.

మా ఇంట్లో పెళ్ళికి ముందురోజు పొద్దున్నే వంటాయన నెల్లూరు నుంచి దిగాడు. పెరడంతా తిరిగి, ఆగ్నేయం మూల నిలబడి, కాలితో గీత గీశాడు.

"ఇక్కడ తవ్వించండి. అగ్నికి ఆగ్నేయమే స్థానం" అన్నాడు.

మా ఇంటాయన తల ఊపాడు. మా ఆడబిడ్డ, అంటే ఆయన అక్కగారు, "శాస్త్రం తెలిసిన మనిషి" అని మెచ్చుకుంది. పలుగు పడబోతుండగా తూర్పు దడి మీద ముందు దూది కనిపించింది, తర్వాత కళ్ళు కనిపించాయి.

"యాడ తవ్వతా ఉండారక్కా?"

"కనపడతా ఉందిగా సాయిబూ."

"ఈడ వద్దు."

ఆగ్నేయం మూలకు సరిగ్గా అవతల ఆయన గోడ. గోడంటే తాటాకే. ఎందుకు వద్దంటున్నాడో అడగనక్కర్లేదు. కానీ ఆయన తన గోడ మాట ఎత్తలేదు. దడి చుట్టూ తిరిగి మా పెరట్లోకి వచ్చి, తన కనుబొమ మీదినుంచి దూది పింజె ఒకటి తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి పలచన చేసి గాలిలోకి వదిలాడు. అది తూర్పుగా తేలిపోయి ఆయన గోడకే అంటుకుంది.

మా ఆడబిడ్డ పకపకా నవ్వింది. "చూసినావా, నీ దూది నీ ఇంటికే పోయింది. నీ భయం నీదిలే!"

"ఇప్పుడు పడమటి గాలి. అటే పోతది" అన్నాడు సాయిబు. "పొద్దు నడినెత్తి కొచ్చినాక సముద్రం తిరగబడతది. అప్పుడు చూడండి. ఈడినుంచి లేచింది తిన్నగా మీ వంటిల్లు మీదకి పోతది. నాకేం కాదు. పోయేది మీ ఇల్లు."

నాకు అక్కడే అనుమానం వచ్చింది. నాకేం కాదు అని తనంతట తాను చెప్పేవాడికి ఏదో అవుతుందన్న మాటే. మా ఇంటి మీద ఈయనకు ఇంత ప్రేమ ఎప్పటినుంచి?

"తవ్వడం సాయంత్రానికి ఆపండి" అన్నాను.

మా ఇంటాయన చిరాకుపడ్డాడు. "రేపు తెల్లారితే వంట. సాయిబు దూది ఊదితే మనం ఆగాల్నా?"

"ఆగితే పోయేదేముంది? గొయ్యి ఎటూ పోదు."

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను పిలవకుండానే ఆయనే వచ్చాడు. సముద్రపు గాలి అప్పుడే మొదలైంది. వసారాలో ఆరేసిన బట్టలు వేరే వైపు తిరిగాయి. అదే చోట నిలబడి ఇంకో పింజె వదిలాడు. అది మధ్యలో ఉన్న మా గొడ్ల కొట్టం మీదినుంచి లేచి, వంటింటి కప్పు దాకా పోయి, తాటాకులో ఇరుక్కుంది. మా ఆడబిడ్డ ముఖం వైపు చూశాడంతే.

నేను అంత తొందరగా లొంగే మనిషిని కాను. నా చేత్తో నేను ఒక పింజె తీసి వదిలి చూశాను. ఆయన ఏకిన దూది ఆయన మాట వింటుందేమోనని, పాత తలగడ చింపి అందులోది కూడా వదిలాను. అన్నీ ఒక్కచోటికే పోయాయి.

"అయితే యాడ తవ్వమంటావు?" అన్నాను.

"బావి పక్కన."

బావి ఈశాన్యం మూల ఉంది. అక్కడ పడమటి గాలి వస్తే నిప్పురవ్వ దడి దాటి ఇసుక బయలులో పడుతుంది. సముద్రపు గాలి వస్తే ఉత్తరం సందు దాటి బీడు పొలంలో పడుతుంది. ఎటు పోయినా కప్పు లేదు. ఇది ఆయన చెప్పలేదు. చూస్తే నాకే తెలిసింది. మా ఆడబిడ్డ మాత్రం చెవులు మూసుకుంది.

"ఈశాన్యంలో నిప్పా! జలస్థానంలో! పెళ్ళి పెట్టుకుని! ఏమే, నీకు మతిపోయిందా? తన దూది కాపాడుకునేదానికి మన శాస్త్రాన్నే తిప్పతా ఉండాడు ఆయన. నీకు కనపళ్ళా?"

కనపడుతూనే ఉంది. అయినా ఆవిడ మాట విననట్టు సాయిబు గడ్డం గోక్కున్నాడు.

"ఆగ్నేయంలోనే ఉండాలంటారా పెద్దమ్మా?"

"ఉండాల్సిందే."

"దేనికి ఆగ్నేయం?"

"దేనికేంది? ఆగ్నేయమంటే ఆగ్నేయమే."

"కొట్టానికి ఆగ్నేయం ఒక చోటుంటది. ఇంటికి ఆగ్నేయం ఒక చోటుంటది. ఈ బావికి కూడా ఒక ఆగ్నేయం ఉంటది గదా. గట్టు దిగి రెండంగలేస్తే అదే."

మా ఇంటాయన బావి చుట్టూ తిరిగి, సూర్యుడి వైపు చూసి, మీసం దువ్వుకుని, "మాట అబద్ధం కాదక్కా" అన్నాడు. పురోహితుడికి కబురు పెడితే, ఆయన ఆ రోజుల్లో ఊపిరి సలపని ముహూర్తాల్లో ఉన్నాడు, దోషం లేదని గుమ్మం లోంచే చెప్పి పంపించాడు.

ఇంత తెలివి దూదేకుల సాయిబుకి ఎక్కడిదని నాకు మళ్ళీ అనుమానం పుట్టింది. ఆయన మాటకు ఒప్పుకునే ముందు వంటింటి గుమ్మంలోకి పోయి నిలబడ్డాను. అక్కడినుంచి ఆగ్నేయం మూల కనపడదు. కొట్టం అడ్డం. బావి మాత్రం చేద తాడుతో సహా కనపడుతుంది. అప్పుడు తట్టింది, వంటాయన ఆ మూలనే ఎందుకు కోరాడో. నెయ్యి డబ్బా, కందిపప్పు బస్తా, జీడిపప్పు, అన్నీ కొట్టం చాటున పెట్టుకుంటే ఎవరు చూడొచ్చారు? సరుకు దాటించడానికి తూర్పు దడికి చిన్న సందు కూడా ఉంది.

"బావి దగ్గరే" అన్నాను.

వంటాయన ముఖం వాడింది. "అమ్మా, అక్కడ తడి. గాడి నిలవదు. కట్టె రాజుకోదు."

"ఇసుక నేల స్వామీ. తడిని తాగేస్తుంది. నేను గుమ్మంలోనే ఉంటాగా, కట్టె రాజుకోకపోతే చెప్పండి."

ఆయన కాలితో గీసిన గీతను కాలితోనే చెరిపాడు.

పెళ్ళినాడు పొద్దున్నుంచి సాయిబు మా బావి గట్టు మీదే ఉన్నాడు. కొత్త లుంగీ కట్టుకున్నాడు, అత్తరు రాసుకున్నాడు, భుజం మీద మాత్రం తడి గోతం వేసుకున్నాడు. పెళ్ళివారు ఆయన్ని చూసి ఎవరని అడిగారు. "పరుపు కుట్టినాయన" అన్నాను. పరుపు కుట్టినాయన గోతం తడుపుకుంటూ బావి దగ్గర ఎందుకున్నాడని వాళ్ళు అడగలేదు. పెళ్ళివారికి అడగడానికి వేరేవి చాలా ఉంటాయి.

"బంతిలో కూర్చో సాయిబూ" అని మా ఇంటాయన పిలిచాడు.

"ఎందుకు?"

"అన్నానికి."

"ఎర్రది ఉండంగా అన్నమేంది?"

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. పందిరి ఆకులు ఒక్కసారి గలగలమన్నాయి. రెండో బంతి లేవబోతుంటే వంటాయన తొందరపడి, సరుగుడు కట్టెలు చాలవన్నట్టు, దడి దగ్గరి ఎండు తాటాకులు చుట్టచుట్టి గాడిలోకి తోశాడు. మంట ఒక్క ఊపున లేచింది. అంటుకున్న ఆకు ముక్క ఒకటి పక్షిలా పైకి పోయి, గాలిలో తిరిగి, సందు దాటి బీట్లో పడింది. ఎండు గడ్డి అంటుకుంది. సాయిబు లుంగీ ఎగగట్టి దడి తొక్కి అవతలికి దూకి గోతంతో బాదాడు. పరిగెత్తిన వాళ్ళు చేరేసరికి పొగ మాత్రమే ఉంది. పందిట్లో సన్నాయి ఆగలేదు. పెళ్ళివారిలో సగం మందికి తెలియనే తెలియదు.

నేను మా వంటింటి కప్పు వైపు చూశాను. తర్వాత ఆగ్నేయం మూల వైపు చూశాను. మా ఆడబిడ్డ కూడా అటే చూస్తోంది. "దైవం మన పక్కనుంది" అంది. దైవానికి గోతం ఎవరు తడిపి ఇచ్చారని నేను అడగలేదు. పెళ్ళి ఇల్లు.

ఆఖరి బంతి లేచాక గాడి నిండా నీళ్ళు పోయించాడు. పోసిన తర్వాత బూడిదలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపి చూశాడు. అప్పుడు వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. వడ్డించింది నేనే. నెయ్యి మామూలుకంటే ఎక్కువ పడింది. చెయ్యి ఆపి నా ముఖంలోకి చూశాడు.

"ఇంత నెయ్యి ఎందుకు పోస్తా ఉండారక్కా?"

"మిగిలింది."

"మిగిలిందా?" అని నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు. నవ్వితే మీసంలోంచి దూది రాలేది.

"నిజం చెప్పు సాయిబూ. ఇదంతా మా ఇంటి కోసమా? నీ దూది కోసం గదా?"

"నిజం చెప్పండక్కా. మీరు బావి దగ్గరికి ఒప్పుకున్నది నా గాలి చూసా? మీ పప్పు కోసం గదా?"

ఆ వంటాయన గురించి నేను ఎవరితోనూ అనలేదు. ఇంటాయనతో కూడా అనలేదు. ఈయనకెట్లా తెలిసింది? దడి సందులోంచి ఎన్నాళ్ళుగా చూస్తున్నాడు? రసం పోసి లోపలికి వచ్చేశాను.

ఆ గాడి మేము పూడ్చలేదు. తవ్విన గొయ్యి తవ్వినట్టుంటే మళ్ళీ కూలి ఇవ్వనక్కర్లేదు. వడ్లు ఉడకబెట్టినా, చాకలి బట్టలు ఉడకేసినా, చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళైనా అక్కడే. వెలిగించిన ప్రతిసారీ దడి మీద కళ్ళు లేచేవి. పింజె ఎగిరేది. మా ఇంటికి కాలం కలిసొచ్చి పెంకులు వేయించాం. వీధి వైపు ఒక గది కట్టించాం. పెంకుల కింద కూర్చుని కూడా ఆయన అడిగే మాట మారలేదు. "ఎర్రది ఆర్పినారా?"

ఆయన ఇల్లు కాలింది మా వైపునుంచి కాదు. ఒక మధ్యాహ్నం ఆయన అల్లూరు వైపు పనికి పోయాడు. ఆయన భార్య పొయ్యిలో పొడుగాటి తాటిమట్ట పెట్టి, ఎసరు పోసి, కడవ తీసుకుని మా బావికి వచ్చింది. మట్ట వెంబడి మంట పొయ్యిలోంచి వెనక్కి పాకి గోడకు తగిలింది. ఆ పొయ్యి చోటు ఆయనే చూసి పెట్టాడు. గాలి తగలని మూల అది. మంటను ముందు చూసింది నేను, మా పెరట్లోంచి. ఊరంతా బిందెలతో వచ్చింది. తాటాకు చిటికెలో పోయింది. దూది మాత్రం మండలేదు. బూడిద కింద మూటలు మూటలుగా కూర్చుని లోపల్లోపల రాజుకుంటూ పోయింది. నీళ్ళు పోస్తే పైన ఆరేది, కాసేపటికి పక్కనుంచి పొగ వచ్చేది.

ఆయన పొద్దు వాలకముందే వచ్చాడు. విల్లు భుజం మీదినుంచి దించలేదు. భార్య మా గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. ఆమెను ఒక్క మాట అనలేదు. చాలాసేపు చూసి నా దగ్గరికి వచ్చాడు.

"మీ పొయ్యి అయినా బాగుండేదక్కా. పోట్లాడుకునేదానికి మనిషన్నా ఉండేది."

నేను పోయి ఆయన భార్యను లోపలికి తీసుకొచ్చాను.

అసలు కష్టం మర్నాడు మొదలైంది. దూది ఇచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అయ్యో అన్నారు, బూడిద కెలికారు, పక్కకు పోయి గుసగుసలాడారు. మా పందిరి గుంజకు ఆనుకుని ఒకాయన పైకే అన్నాడు.

"దూది ముందే అమ్ముకోని ఉంటాడు. కాలిందంటే అడిగేవాడెవడు? ఎర్రది ఎర్రది అని ఇన్నేళ్ళూ నాటకమాడినాడు."

పదిమంది తలలూపారు. సాయిబు వాళ్ళ మధ్యలోనే ఉన్నాడు. ఎవరన్నారు, దేనికన్నారు అని అడుగుతాడనుకున్నాను. బూడిదలో దొరికిన పాత విల్లుబద్ద ముక్కను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. ఆ మాట అక్కడ నిలబడితే ఈ చుట్టుపట్ల ఆయనకు పిడికెడు దూది ఇచ్చేవాళ్ళుండరు.

నేను చేట పక్కన పెట్టి బయటికి వచ్చాను.

"మీరంతా ఎన్నాళ్ళనుంచి అనుమానిస్తా ఉండారు ఈయన్ని?" అన్నాను. "నిన్నటినుంచి గదా? నేను కొత్త కోడలిగా వచ్చినప్పటినుంచి అనుమానిస్తా ఉండా. ఇచ్చేటప్పుడు తూచినా, తీసుకునేటప్పుడు తూచినా, కింద రాలిన చెత్త కూడా తూచినా. తువ్వాలు దులిపించినా. నాకు ఇన్నేళ్ళలో దొరకనిది మీకు బూడిదలో యాడ దొరికింది? ఉంటే చూపించండి, నేను కూడా చూస్తా."

గుంజకు ఆనుకున్నాయన గుంజ వదిలాడు. నేను తూచే సంగతి ఊరందరికీ తెలుసు. వెనకాల నవ్వుకునేవాళ్ళు కూడా. అందువల్లనే ఒకరి తర్వాత ఒకరు కదిలారు.

వాళ్ళు పోయాక సాయిబు అక్కడే ఉన్నాడు. కృతజ్ఞత ఏమన్నా చెబుతాడేమోనని నేను ముందే ముఖం గంటు పెట్టుకున్నాను. నాకు అటువంటివి గిట్టవు. చెప్పలేదు.

"వీధి గది ఖాళీగా ఉంది. పెంకులు" అన్నాను. "దూది అందులో పెట్టుకో. పని అందులోనే చేసుకో. ఇల్లు లేచేదాకా."

ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. "దేనికి?"

"ఊరికే కాదు. ఏటికొకసారి మా తలగడలన్నీ ఏకి పెట్టు."

"అంతేనా?"

"అంతే."

"ఇంకేం లేదా?"

"లేదయ్యా!"

గది లోపలికి పోయాడు. కిటికీ తెరిచి మూశాడు. పెంకుల సందులు చూశాడు. గోడకు చెయ్యి ఆనించి ఆ పక్కన వంటిల్లు లేదు గదా అని అడిగాడు. లేదంటే, బయటినుంచి చుట్టూ తిరిగి చూసి వచ్చాడు. సందెవేళ దీపం ఎక్కడ పెడతారన్నాడు. నీ ఇష్టమొచ్చినచోట పెట్టుకో అన్నాను.

"ఆ మాటే నాకు నచ్చలా" అన్నాడు.

అయినా రెండురోజుల తర్వాత మొదటి మూట తెచ్చి ఆ గదిలో దించాడు. ఎవరో పక్క ఊరి వాళ్ళ పెళ్ళి పరుపుకు ఇచ్చిన దూది. గుమ్మంలో నిలబడి నా వైపు చెయ్యి చాచాడు. తాళం, తాళంచెవి ఇచ్చాను. తలుపు వేసి, తాళం బిగించి, రెండుసార్లు లాగి చూసి, చెవి మొలతాడుకు కట్టుకుని పోయాడు. నా గది, నా తాళం, చెవి ఆయన మొలలో.

ఆ తాళానికి రెండో చెవి నా పోపులడబ్బాలో ఉందని ఆయనకు చెప్పలేదు.

మర్నాడు వీధి ఊడుస్తూ చూశాను. ఆ తలుపుకు వేరే తాళం వేలాడుతోంది. కొత్తది.